నాలుగో రోజు డిశ్చార్జ్

జూన్ 3, సోమవారం

మందుల కంపెనీవాళ్లు కొత్త సంవత్సరానికి పంచిన డైరీ ఇది. ఇన్నాళ్లూ నా టేబుల్ మీద టీ గ్లాసు కింద పీటలా పనికొచ్చింది. అట్ట మీద గుండ్రటి మరకలు. ఇవాళ ఇంటికి తెచ్చాను. ఎందుకు తెచ్చానో తెలియదు. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది, చెప్పుకోవడానికి ఎవరూ ఖాళీగా లేరు. అన్నయ్య టీవీ ముందు కునుకు తీస్తున్నాడు. వదిన కుట్టుమిషన్ ముందు కూర్చుంటే పిడుగుపడినా తలెత్తదు.

ఆసుపత్రిలో నా ఉద్యోగం పేరు స్టాటిస్టికల్ ఆఫీసర్. అందరూ పిలిచేది లెక్కల మేడమ్ అని. ఎవరు చేరారు, ఎన్నాళ్లున్నారు, ఎంత ఖర్చయింది, ఎలా బయటికెళ్లారు, ఇదీ నా పని. రోగుల మొహాలు నేను చూడను. వాళ్లు నా దగ్గరికి కంప్యూటర్‌లో వరుసలై వస్తారు.

ఇవాళ సూపరింటెండెంట్ గారు పిలిచారు. షుగర్ ఉన్నవాళ్ల అడ్మిషన్లు ఏటేటా పెరుగుతున్నాయి, బడ్జెట్ మాత్రం అక్కడే ఉంది, డబ్బు ఎక్కడ కారుతోందో చూసి చెప్పమ్మా అన్నారు. ఐదేళ్ల డేటా తీసి గ్రాఫ్ గీశాను. మేడమెట్లలా పైకి పోయింది. ఐదేళ్ల కిందట మా దగ్గర పదిమంది చేరితే ఒకరికి షుగర్. ఇప్పుడు ముగ్గురికి. తమాషా ఏమిటంటే వాళ్లలో షుగర్ కోసం చేరేవాళ్లు తక్కువ. గుండె అని చేరతారు, కిడ్నీ అని చేరతారు, కాలిపుండు అని చేరతారు. షుగర్ వాళ్ల వెనక నిలబడి ఉంటుంది.

మా వదినకీ ఎన్నో ఏళ్లుగా షుగరే. భోజనాల దగ్గర ఫోన్‌లో గ్రాఫ్ చూపించాను. ఇందులో నేనెక్కడున్నాను లెక్కలమ్మా అంది. నువ్వింకా చేరలేదుగా, నువ్వు లేవు అన్నాను. అయితే బతికిపోయాను, నాకో ముద్ద ఎక్కువ పెట్టు అంది.

జూన్ 7, శుక్రవారం

మధ్యాహ్నం సర్జికల్ వార్డుకు వెళ్లాను. ఊరికే. వరుసలుగా చూసినవాళ్లని ఒకసారి మనుషులుగా చూద్దామని.

వార్డులో మంచాలన్నీ నిండి ఉన్నాయి. కారిడార్‌లో గోడ వారగా చాపలు. లిఫ్టు పక్కన స్ట్రెచర్ మీద ఒక ముసలావిడ. పొద్దుటి నుంచి అక్కడే ఉందట. ఎవరు దాటుకుంటూ పోయినా తన చీటీ చూపిస్తోంది, నాకూ చూపించింది. నేను డాక్టర్ని కాదమ్మా అంటే, అయినా చూడమ్మా అంది. చూశాను. నాకేమీ అర్థం కాలేదు. బాగానే ఉంది అని చెప్పి వచ్చేశాను.

వార్డులో సగం మంచాల మీద కాళ్లకు కట్లు. రోజూ డ్రెస్సింగ్, రోజూ సూది, మిగతా సమయమంతా సీలింగ్ చూడటం. ఒక్కొక్కరు రెండు వారాలకు తక్కువ కాకుండా ఉంటున్నారు.

డబ్బు కారుతున్న చోటు దొరికింది.

జూన్ 14, శుక్రవారం

రిపోర్టు ఇచ్చాను. జ్వరం తగ్గి, షుగర్ అదుపులోకి వచ్చిన కాలిపుండు పేషెంట్లను నాలుగో రోజున ఇంటికి పంపవచ్చు. డ్రెస్సింగ్ ఇంటి దగ్గర. వారానికొకసారి ఓపీలో చూపించుకోవాలి. ఖాళీ అయిన మంచాలు కారిడార్‌లో వాళ్లకి.

సర్జన్ రెండుసార్లు చదివాడు. లెక్క బాగుంది, ఇంటి దగ్గర డ్రెస్సింగ్ ఎవరు చేస్తారు అని అడిగాడు. ఇంట్లోవాళ్లు అన్నాను. సరే అని సంతకం పెట్టాడు.

జులై 15, సోమవారం

కారిడార్‌లో చాపలు లేవు. ఇవాళ నా కళ్లతో చూశాను. స్వీపరమ్మ గోడ మొదలు దాకా తుడుస్తూ, ఈ రాయి రంగు ఇదని నాకిప్పుడే తెలిసింది మేడమ్ అంది.

యావరేజ్ స్టే, ఒక్కో పేషెంటు ఉండే రోజులు, సగానికి పడిపోయింది. ఖర్చు కూడా. సూపరింటెండెంట్ గారు తన గదిలో టీ ఇప్పించారు. మంచి కప్పులో.

ఇంటికి వచ్చి చెబితే వదిన నన్ను నిలబెట్టి టేపుతో కొలతలు తీసుకుంది. ఇంత పెద్దదానివి అయ్యాక పాత బట్టల్లో తిరిగితే బాగోదు, కొత్త డ్రెస్సు కుడతాను అంది. తనకి సంతోషమొస్తే కొలతలు తీసుకుంటుంది. నా కాపురం చెడి పెట్టెతో ఈ గుమ్మంలో నిలబడిన రోజూ అంతే. అన్నయ్య ఏమనాలో తెలియక తలుపు పట్టుకుని నిలబడితే, వదిన పెట్టె లోపల పెట్టి టేపు తీసింది. చిక్కిపోయావు, నీ బట్టలన్నీ వదులవుతాయి, ఇలా రా అంది.

ఆగస్టు 6, మంగళవారం

వదిన అరికాల్లో సూది.

స్కూలు యూనిఫారాల ఆర్డరు. వారం నుంచి మిషన్ దిగలేదు. ఎప్పుడో సూది విరిగింది. ముక్క కోసం వెతికింది, దొరకలేదు, ఎక్కడో ఎగిరిపోయిందనుకుంది. అది ఎక్కడికీ ఎగరలేదు. కుడి అరికాల్లో దిగి కూర్చుంది. పెడల్ తొక్కుతూనే ఉంది. నొప్పి తెలియలేదు. తన కాళ్లకు స్పర్శ పోయి ఎన్నాళ్లయిందో మాకెవరికీ తెలియదు, తనకీ తెలియదు. పొద్దున నేల మీద మరకలు చూసి, ఎవరో నా గుడ్డల మీద ఏదో ఒలికించారని అన్నయ్యని తిట్టింది. ఆ మరకలు తన అడుగులే.

అన్నయ్యకి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. కరెంటు స్తంభాలెక్కే మనిషి గోడకి జారగిలబడి కూలబడ్డాడు. ఆటోలో ఒకవైపు వదినను, ఇంకోవైపు అన్నయ్యను పట్టుకుని కూర్చున్నాను. డ్రైవర్ వెనక్కి తిరిగి, ఇద్దరిలో పేషెంటు ఎవరండీ అని అడిగాడు. వదిన అన్నయ్యను చూపించింది.

సర్జికల్ వార్డు. సూది తీశారు. చీము. ఇప్పుడు తను నా గ్రాఫ్‌లో ఉంది.

ఆగస్టు 9, శుక్రవారం

నాలుగో రోజు.

హెడ్ నర్సు నా గదికి వచ్చింది. ఎప్పుడూ రాదు. పుండు ఇంకా తడిగానే ఉంది మేడమ్, ఇంకొన్నాళ్లు ఉంచితే బాగుంటుంది అంది. జ్వరం ఉందా అని అడిగాను. లేదు. షుగర్? అదుపులోనే ఉంది. అయితే వెళ్లాల్సిందేగా అన్నాను. మీరు ఒక్క మాట అంటే డాక్టరుగారు ఉంచేస్తారు, మీ వదినగారని ఆయనకీ తెలుసు అంది.

అందుకే అనలేదు. ఊరందరికీ ఒక రూలు, మా ఇంటికి ఇంకొకటా అని రేపు ఎవరైనా అంటే? ఆ మంచం కోసం ఎవరో ఎదురు చూస్తూ ఉంటారు కదా అని హెడ్ నర్సుకి నేనే చెప్పాను. ఆమె వెళ్లిపోయింది. నా నిజాయితీకి నాకే ముచ్చటేసింది.

వదిన సంతోషంగా వచ్చేసింది. యూనిఫారాలు మిగిలిపోయాయని తన గొడవ తనది.

ఆగస్టు 12, సోమవారం

డ్రెస్సింగ్ నేనే చేస్తున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వదిన స్టూలు మీద కాలు పెట్టి, నా మొహం చూస్తూ కూర్చుంటుంది. కాలు చూడు, నా మొహంలో ఏముంది అంటే, అరికాలు నాకు కనపడదు, నీ మొహమైతే కనపడుతుంది అంటుంది.

పుండు గులాబీ రంగులో ఉంది. మంచిదేనట.

ఆగస్టు 16, శుక్రవారం

పై ఆఫీసు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. మా నాలుగో రోజు రూలు మిగతా ఆసుపత్రులన్నింటిలో పెట్టాలా అని చూడటానికి. మంగళవారం ప్రెజెంటేషన్. స్లైడ్లు నావి, మాట్లాడేది కూడా నేనే.

ఒక చిక్కుంది. పంపేసినవాళ్లు మళ్లీ చేరితే మా సిస్టమ్ వాళ్లని కొత్త అడ్మిషన్‌గానే చూపిస్తుంది. ఎవరు తిరిగొచ్చారో కావాలంటే పేరు పేరునా కలపాలి. వేరే ఆసుపత్రిలో చేరితే అది కూడా కుదరదు. ఇప్పుడు అంత టైము లేదు. సూపరింటెండెంట్ గారిని అడిగితే, ఉన్నదాంతో చెప్పమ్మా, మిగతాది తర్వాత అన్నారు.

స్లైడ్ శుభ్రంగా ఉంది.

ఆగస్టు 19, సోమవారం

డ్రెస్సింగ్ పొద్దునది హడావిడిగా అయింది. నిన్న సాయంత్రంది కాలేదు, వదినే పైన కొత్త గుడ్డ చుట్టుకుంది. ఈ ఒక్కరోజు గడిస్తే చాలు.

ఆగస్టు 20, మంగళవారం. సాయంత్రం

చప్పట్లు కొట్టారు.

నేను ఇది రాసి తీరాలి. పొద్దున కొత్త డ్రెస్సు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని, వెళ్తూ వెళ్తూ వదిన కాలి ముందు కూర్చున్నాను. కట్టు విప్పకముందే వాసన వచ్చింది. కుళ్లిన పండు లాంటి వాసన, కాస్త తియ్యగా. నాకు తెలుసు అది ఏమిటో. సర్జికల్ వార్డు పక్కనే కదా నా ఉద్యోగం. విప్పితే చూడాలి. చూస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తీసుకెళ్తే, లెక్కల మేడమ్ వదినే నాలుగో రోజు డిశ్చార్జయి తిరిగొచ్చిందని, సరిగ్గా పెద్దవాళ్లు వచ్చిన రోజే, వార్డంతా.

ఇదంతా ఆలోచించడానికి ఎంతోసేపు పట్టలేదు. ఊపిరి తీసి వదిలేంత. సాయంత్రం చేస్తాను వదినా అని లేచాను. సరే అంది. డ్రెస్సు వెనక ముడత సరిచేసి పంపింది.

మాట్లాడాను. బాగా మాట్లాడాను. యావరేజ్ స్టే స్లైడ్ దగ్గర ఒకాయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అన్ని ఆసుపత్రుల్లోనూ పెడతారట.

ఇప్పుడు ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. లోపలికి వెళ్లాలి. కట్టు విప్పాలి.

ఆగస్టు 21, బుధవారం

నిన్న కట్టు విప్పాను. విప్పగానే ఆటో పిలిచాను.

ఆగస్టు 22, గురువారం

సగం పాదం తీసేశారు. వేళ్లన్నీ, వాటి వెనక కొంత. సర్జన్ బయటికొచ్చి, మడమ దక్కింది అన్నాడు. ఒక రోజు ముందొస్తే ఎలా ఉండేది డాక్టరుగారూ అని అడిగాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, అలాంటి లెక్కలు వెయ్యకండి అన్నాడు. వేళ్లలో కొన్నైనా మిగిలేవా అని మళ్లీ అడిగాను. మిగిలేవేమో అన్నాడు.

అన్నయ్య బెంచీ మీద నా పక్కన కూర్చుని, నువ్వు లేకపోతే ఏమయ్యేదో అమ్మలూ అన్నాడు. నా చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు.

ఆగస్టు 24, శనివారం

ఆఫీసులో కంప్యూటర్ తెరిచి వదినను వెతికాను. రెండుసార్లు ఉంది. మొదటిది: కాలిపుండు, నాలుగు రోజులు, కోలుకుని వెళ్లారు. రెండోది: కొత్త అడ్మిషన్.

మొదటి వదినా రెండో వదినా ఒకరికొకరు తెలియదు.

సెప్టెంబర్ 2, సోమవారం

ఇంటికి తెచ్చాం. వదిన మొదట చూసింది మిషన్ వైపు. యూనిఫారాల ఆర్డరు వేరేవాళ్లు పట్టుకెళ్లారు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. అన్నయ్య కప్పాడు. చచ్చినదానికి కప్పినట్టు కప్పావేమిటి, తియ్యి అంది వదిన. అన్నయ్య తీశాడు.

డ్రెస్సింగ్ నేనే. వదిన ఇంకా నా మొహమే చూస్తుంది. నేను తలెత్తను.

సెప్టెంబర్ 9, సోమవారం

రూలు పెట్టినప్పటి నుంచి పంపేసినవాళ్ల నంబర్లు తీసి ఫోన్లు మొదలుపెట్టాను. లంచ్ టైములో, తలుపు దగ్గరికి వేసుకుని. ఎక్కువమంది బాగానే ఉన్నారు. ఒకాయన ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి బాగోగులు అడిగారంటే నమ్మలేకపోయాడు, బాకీ ఏమైనా ఉందా అని భయపడ్డాడు. ఇద్దరు మా దగ్గరికే తిరిగొచ్చారు, వదినలాగే, కొత్త మనుషుల్లా. కొందరి ఫోన్లు మోగి మోగి ఆగిపోయాయి. ఒకావిడ ఫోనెత్తి, మీరు ఫలానా ఆసుపత్రా అని ఆగింది. తర్వాత, ఇంటికి రండమ్మా, మనుషులు వస్తే మా ఆయన సంతోషిస్తాడు అంది.

సెప్టెంబర్ 12, గురువారం

వెళ్లాను. ఇస్త్రీ షాపు. ముందు షాపు, వెనక ఒక గది. ఆయన ఎత్తు కుర్చీలో కూర్చుని ఇస్త్రీ చేస్తున్నాడు. మోకాలి కింద ఎడమ కాలు లేదు. జూన్ ఆఖరున మా దగ్గర నాలుగు రోజులున్నాడు. ఇస్త్రీ పెట్టెలోంచి నిప్పు పడి పాదం కాలింది, తెలియలేదు. ఇంటి దగ్గర డ్రెస్సింగ్ అన్నారు. భార్యకి కళ్లు సరిగా ఆనవు. తడుముకుని చేసింది. నల్లబడింది ఆమెకి కనపడలేదు. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లారు. మా దగ్గరికి ఎందుకు రాలేదని అడిగాను. వద్దని పంపేశారు కదమ్మా, మళ్లీ వస్తే ఏమంటారోనని మొహం చెల్లలేదు అన్నాడు ఆయన.

మా కంప్యూటర్‌లో ఆయన కోలుకుని వెళ్లాడు.

వాళ్లు నన్ను తిడతారని వెళ్లాను. నిజం చెప్పాలంటే తిట్టించుకుందామనే వెళ్లాను. ఆవిడ మంచినీళ్లిచ్చింది. ఇన్నాళ్లకి ఒక్కరైనా వచ్చి అడిగారు, మీలాంటివాళ్లు ఉండాలి అంది. నేను ఎవరో చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నా వైపు చూసి, ఆ కాలరు నలిగింది, ఇలా వెళ్తే ఆఫీసులో ఏమనుకుంటారు, పైన వేసుకున్న కోటు ఇటివ్వండి అన్నాడు. ఇచ్చాను. ఇస్త్రీ చేసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

చెప్పకుండానే వచ్చేశాను. ఆ పొద్దున వదిన కాలి ముందు నుంచి లేచినట్టే. ఇది రెండోసారి.

సెప్టెంబర్ 16, సోమవారం

సూపరింటెండెంట్ గారికి చెప్పాను. అంతా. ఆగస్టు ఇరవై పొద్దున సంగతి తప్ప.

ఆయన మంచివారు, అదే కష్టం. ఓపిగ్గా విన్నారు. విని, కారిడార్‌లోంచి మంచం మీదికి వెళ్లిన వాళ్లని కూడా వెతికావా అని అడిగారు. లేదన్నాను. ఆ మంచాలు ఖాళీ కాకపోతే వాళ్లలో కొందరు పోయేవారమ్మా, అలా పోకుండా మిగిలినవాళ్లు నీకు ఫోన్‌లో దొరకరు, ఎవరికి వారే బతికామనుకుంటారు అన్నారు. ఆ మాట నిజమే. లిఫ్టు పక్కన చీటీ పట్టుకున్న ముసలావిడ గుర్తొచ్చింది. ఆవిడ ఏమైందో నేను చూడలేదు.

రూలు తీసెయ్యమనట్లేదు సార్, నాలుగో రోజని కాకుండా పుండు చూసి పంపుదాం, ఇంట్లో చూసేవాళ్లు ఉన్నారా అని అడిగి పంపుదాం, ఇళ్లకు ఒక నర్సును పంపుదాం అన్నాను. నర్సు జీతం ఎక్కడిది అన్నారు. కాలు తీసే ఆపరేషన్ ఖర్చు పక్కన మంచం ఖర్చు పెట్టి చూపించాను. మంచాల మీద మిగిల్చింది ఎటు పోయిందో కనిపించింది.

పై ఆఫీసుకి సరైన లెక్క పంపాలన్నాను. పంపు, కింద నా సంతకం ఉండదు, నీది ఉంటుంది అన్నారు.

పంపాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

ఇవాళ డ్రెస్సింగ్ అయ్యాక లేవలేదు. స్టూలు ముందు అలాగే కూర్చున్నాను. అన్నయ్య బజారుకెళ్లాడు. వదినా, ఆ రోజు పొద్దున నాకు వాసన వచ్చింది అన్నాను.

మీటింగ్ ఉందని విప్పలేదు అన్నాను. తెలిసే విప్పలేదు అన్నాను. హెడ్ నర్సు ఉంచమంటే నేనే వద్దన్నానని కూడా చెప్పాను. ఒకటి మొదలుపెడితే ఇంకొకటి దానంతట అదే వచ్చేసింది.

నువ్వు చేతి వెనకతో ముక్కు తుడుచుకున్నావు, చూశాను అంది వదిన.

తనకి ముందు రోజు నుంచే వాసన తెలుస్తోందట. లెక్కలమ్మ ఆసుపత్రి మనిషి, ప్రమాదమైతే దానికి తెలుస్తుంది, చెబుతుంది అనుకుందట. నువ్వు సాయంత్రం చేస్తానని లేచావు, అంటే ఏమీ లేదు కాబోలు అనుకున్నాను అంది. నువ్వు వెళ్లాక మిషన్ కూడా తొక్కాను అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడవకు, నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలి, ఇప్పుడు నాకు ఓపిక లేదు అంది.

కాసేపటికి తనే అంది. కోపంగా కూడా అనలేదు. కాలికి ఎలాగూ స్పర్శ లేదు, నీ మొహం చూసి కాలు ఎలా ఉందో తెలుసుకునేదాన్ని, ఇక ఆ మొహాన్ని నమ్మలేను, రేపటి నుంచి నువ్వు చెయ్యకు.

సెప్టెంబర్ 23, సోమవారం

డ్రెస్సింగ్ అన్నయ్య చేశాడు. నేను గోడ అవతల నిలబడి విన్నాను.

సెప్టెంబర్ 27, శుక్రవారం

మొదటి రోజు అన్నయ్య మధ్యలో తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుండిపోయాడు. వదిన డ్రెస్సు కత్తిరించే కాగితంతో ఆయనకి విసిరింది. రెండో రోజు కళ్లు సగం మూసుకుని చేశాడు. ఇవాళ తెరిచే చేశాడు. ఇంత ధైర్యం ఉందని తెలిస్తే పెళ్లప్పుడే సూది గుచ్చుకునేదాన్ని అంది వదిన. ఇద్దరూ నవ్వారు. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ నవ్వబోయి ఆగాను. నాకు ఆ నవ్వులో వాటా లేదు.

నాతో మాట్లాడుతుంది. ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, ఫోన్ మోగుతోంది. లెక్కలమ్మా అని మాత్రం పిలవడం లేదు.

అన్నయ్యకి చెప్పలేదు వదిన. చెప్పకపోవడం నా మీద ప్రేమా, ఆయన మీద ప్రేమా తెలియదు. అడిగే మొహం లేదు.

అక్టోబర్ 8, మంగళవారం

పై ఆఫీసు నుంచి మెమో. ఆగస్టులో ఒక లెక్కా సెప్టెంబర్‌లో ఇంకో లెక్కా ఎందుకొచ్చాయో, బాధ్యులెవరో రాతపూర్వకంగా తెలపాలట. నేనే అని రాశాను. రెండు అక్షరాలకి రెండు పేజీల మెమో. ప్రమోషన్ లిస్టులోంచి తీసేశారని క్లర్కు చెప్పాడు. నాకు బాధ కలగాలని చూశాడు పాపం. కలగలేదు. ఇంకా పెద్దదేదైనా జరిగితే బాగుండనిపించింది.

అన్ని ఆసుపత్రులకూ పంపిన రూలు ఆపారు. మా దగ్గర ఇళ్లకు వెళ్లడానికి ఒక నర్సును ఇచ్చారు, ట్రయల్‌గా, వారంలో కొన్ని రోజులు.

అక్టోబర్ 18, శుక్రవారం

నర్సు చిన్న వయసు మనిషి. కష్టపడుతుంది. ఇళ్లకు వెళ్తే ఎవరూ కాళ్లు చూపించడం లేదట. బాగానే ఉందమ్మా, పని ఉందమ్మా అని గుమ్మంలోంచే పంపేస్తున్నారట. సిగ్గు, భయం. చూపిస్తే కోసేస్తారని. భోజనాల దగ్గర అన్నయ్యకి ఈ సంగతి చెబుతున్నాను. వదిన వింటోందని తెలిసీ ఆమె వైపు చూడకుండా చెబుతున్నాను.

నేను వెళ్తాను ఆ పిల్లతో అంది వదిన.

అక్టోబర్ 25, శుక్రవారం

నర్సు పరిగెత్తుకుంటూ నా గదికి వచ్చింది. మీ వదినగారు ఏం చేశారో తెలుసా మేడమ్ అంది.

లోపలికి వెళ్లి కుర్చీ అడిగి కూర్చుందట. ఎవరినీ ఏమీ అడగలేదట. తన బూటు విప్పిందట, ముందు భాగంలో దూది కూరిన బూటు. మేజోడు తీసిందట. నాది ఇదీ, ఇక మీది చూద్దాం అందట. ఆ ఇంటాయన మారు మాట్లాడకుండా కాళ్లు చాపాడట. చిటికెన వేలి పక్కన చిన్న పుండు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇవాళే చూపించారు కాబట్టి మందుతో పోతుందట.

తర్వాతి ఇంట్లో ఒకావిడ వదిన పాదం చూసి, ఇది ఎలా అయిందమ్మా అని అడిగిందట.

ఏం చెప్పారు అని అడిగాను.

వాసన వస్తే ఆగకూడదమ్మా, ఆగాం అని చెప్పారు మేడమ్ అంది నర్సు.

ఆగాం అందా అని మళ్లీ అడిగాను. అవును మేడమ్, ఏం అంది. ఏమీ లేదు అన్నాను.

నవంబర్ 3, ఆదివారం

అన్నయ్య మిషన్‌కి మోటారు బిగించాడు. వదిన ఎడమ కాలితో పెడల్ నేర్చుకుంటోంది. కుట్టు వంకర టింకరగా పోతోంది. దిండు గలీబులు కుట్టి పడేస్తోంది. ఇంట్లో దిండ్ల కంటే గలీబులు ఎక్కువయ్యాయి. ఒకటి తెచ్చి నా మంచం మీద పెట్టింది. దాని కుట్టు అన్నింటి కంటే వంకర. మంచివి అమ్ముకోవచ్చు, ఇది ఎవరూ కొనరు అంది.

నవంబర్ 15, శుక్రవారం

ఇస్త్రీ షాపుకు మళ్లీ వెళ్లాను. ఆ రూలు రాసింది నేను అని చెప్పాను. ఆయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి చాలాసేపు నన్ను చూశాడు. ఆవిడ లోపలి నుంచి, ఎవరండీ అని అడిగింది. ఆయన పెట్టె తీసుకుని మళ్లీ పని మొదలుపెట్టాడు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆయన్ని కూడా కలిపి ఈ నెల లెక్క పంపాను. మా గ్రాఫ్ ఇప్పుడు అంత అందంగా లేదు.

నవంబర్ 24, ఆదివారం

మధ్యాహ్నం వదిన పిలిచి ఎదురుగా కూర్చోమంది. నీ కాళ్లు చూపించు అంది. నాకు షుగర్ లేదు వదినా అన్నాను. ఉందో లేదో నువ్వు చెబితే నేను నమ్మను, చాపు అంది. చాపాను. ఒళ్లో పెట్టుకుంది. వేళ్ల మధ్య విడదీసి, మడమలు తిప్పి, వెలుతురు వైపు తిప్పి, చాలాసేపు చూసింది.

గోళ్లు తీసుకో లెక్కలమ్మా అంది.